కుడిచేతి దారి

మా మరదలు వకుళ ఇడ్లీ ముక్కను కూడా నమిలి నమిలి, మెడ సాగదీసి, గ్లాసుడు నీళ్ళు పోసుకుని దిగమింగేది. రాజమండ్రిలో ఇడ్లీ హోటలు నడుపుకునేవాడికి ఇంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి? మా ఇడ్లీ నోట్లో వేసుకుంటే కరిగిపోతుందని ఊళ్ళో పేరు. ఈ ఒక్క గొంతు దగ్గరే అది రాయై కూర్చునేది.

"ఏం మరదలా, రుబ్బినవాడి లోపమా, వండినవాడి లోపమా?" అని వేళాకోళం ఆడేవాణ్ణి.

"మీ ఇడ్లీకేం బావగారూ, వెన్నపూస. నా గొంతే తిన్నగా లేదు," అని రొమ్ము మీద పిడికిలితో గుద్దుకుంటూ నవ్వేది.

హాస్యమనుకున్నాం. ఆ పిల్ల ఉన్న మాటే చెబుతోందని ఎవరికీ తట్టలేదు.

మా అత్తగారు మాణిక్యాంబగారి దృష్టిలో అయితే అదంతా తిండి దగ్గర వేషం. చిన్నప్పుడు కంచం ముందు గంటలకొద్దీ కూర్చుంటే వీపు విమానం మోత మోగించేవారట. గొంతులో చేపముల్లు ఉండిపోయిందేమోనని ఎవరో అంటే ఉత్త అన్నం ముద్దలు చేసి మింగించారట. ముద్ద అడ్డంపడి పిల్ల నీలంగా మారిపోయేసరికి వీధి వీధంతా వచ్చిపడింది. ఆ రోజు నుంచీ వకుళ నలుగురిలో తినడం మానేసింది. పెళ్ళిళ్ళకు వెళ్తే పంక్తిలో కూర్చోదు. కొంగు నడుముకు బిగించి వడ్డనకు దిగుతుంది. వడ్డించేవాళ్ళు తిన్నారో లేదో ఎవరడుగుతారు? అందరూ "ఎంత పనిమంతురాలో!" అని మెచ్చుకునేవారు. ఆ పిల్ల ఇంటికొచ్చి తలుపేసుకుని జావ తాగేది.

పనిమంతురాలన్న మాట మాత్రం నిజం. వకుళ మగ్గం వర్కు చేస్తుంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్టు గుడ్డను చెక్క ఫ్రేముకు బిగించి, పైనుంచి ఒక చేత్తో కొక్కెం సూది దింపుతూ, కిందనుంచి రెండో చేత్తో దారం అందిస్తూ పూసలూ జరీ కుట్టే పని. మా అత్తవారింటి మేడమీద గది ఆమెది. బిగించిన గుడ్డలో సూది దిగినప్పుడల్లా టప్ టప్ మని చప్పుడయ్యేది, కింద వసారాలోకి వినబడేది. నేను క్యారేజీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టగానే ఆ చప్పుడు ఆగిపోయేది. లోపలికి వెళ్తే వకుళ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది.

"ఎప్పుడొచ్చినా విశ్రాంతేనా? ఈ నెమళ్ళన్నీ ఎవరు కుడుతున్నారు, దెయ్యాలా?"

"మీరొస్తే పని సాగదు బావగారూ. మాటల్లో పెట్టేస్తారు."

మాటకారినని మెచ్చుకుంటోందని పొంగిపోయేవాణ్ణి. నాలాంటి మొద్దును దేవుడు హోటలు నడపడానికే పుట్టించాడు.

ఒక వేసవిలో జావ కూడా దిగడం మానేసింది. నేను రాగిజావ పల్చగా కాచి తీసుకెళ్తే, రెండు గుక్కలు తాగి, మూడోది ముక్కులోంచి వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నా భార్య హైమవతి ఆ పూటే చెల్లెల్ని కారెక్కించి తన పరిశోధనశాలకు తీసుకెళ్ళింది. హైమ కడియం నర్సరీల అవతల ఉన్న ఆ శాలలో రక్తనాళాల మీద పనిచేస్తుంది. ఇంట్లో మా ఇద్దరికీ వాదన వస్తే ఎవరు నెగ్గుతారో వేరే చెప్పనక్కర్లేదు.

వెంట వెళ్ళిన అత్తగారికీ నాకూ హైమ స్కాను తెర మీద చూపించింది.

"గుండె నుంచి కుడిచేతికి నెత్తురు మోసుకెళ్ళే నాళం ఇది. మీకూ నాకూ ముందునుంచి పోతుంది," అంది వేలితో గీస్తూ. "దీనికి చూడండి. గుండె మీది పెద్ద ధమనికి ఎడమ కొసన పుట్టింది. అక్కణ్ణుంచి అన్నవాహిక వెనగ్గా అడ్డంగా పాకి కుడిచేతికి పోతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అన్నవాహికను వెనకనుంచి నొక్కుతోంది."

"పుట్టినప్పట్నుంచీనా?"

"తల్లి కడుపులో ఉన్నప్పట్నుంచీ."

అత్తగారు బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అంటే... నిజంగానే దిగేది కాదా దానికి?" అన్నారు. ఆవిడ కూతురి వీపు మీద చెయ్యి వేశారు, అదే వీపు మీద.

అన్నం తినే చెయ్యే అన్నాన్ని అడ్డుకుంటోందన్నమాట. ఆ వంకర రాత రాసినవాణ్ణి నాలుగు తిట్టాలనిపించింది నాకు.

ఛాతీ తెరిచి ఆ నాళాన్ని కోసి వేరేచోట అతికే ఆపరేషను ఉంది. కానీ వకుళకు అది పుట్టేచోట బుడగలా ఉబ్బి ఉందనీ, కత్తి పెడితే బల్లమీదే ప్రమాదమనీ ఇద్దరు సర్జన్లు తలడ్డంగా ఊపారు. మిగిలింది పొట్టకు గొట్టం పెట్టి పాలూ మందులూ పోసుకుంటూ బతకడం.

"కంటె ఉంది," అంది హైమ ఆ సాయంత్రం.

కంటె గురించి నాకు అప్పటికే కొంత తెలుసు. హైమ ఆరేళ్ళ కష్టం అది. పాత నగల్లో మెడకు పెట్టుకునే కంటెలా ఉంటుందని శాలలో ఆ పేరు పెట్టారు. ముందుగా నాళం గోడలోకి ఒక మందు ఎక్కిస్తారు. దాంతో ఆ గోడ పులిసిన పిండిలా మెత్తబడి, ఎటు జరిపితే అటు జరుగుతుంది, మొలక వేస్తుంది. ఆపైన మెడకు కంటె. మనిషి గుటక వేసినప్పుడల్లా కంటె టిక్కుమంటుంది, మన చెవికి అందని మోతతో ఆ నాళాన్ని వెంట్రుకవాసి వెనక్కి తోస్తుంది. అలా ముద్దముద్దకీ పాత నాళం అన్నవాహికను వదిలి ముడుచుకుపోతుంది. ఈలోగా ముందువైపు కొత్త మొలక లేచి చేతిని అందుకోవాలి. మొలకకు దారి చెప్పేవాళ్ళెవరూ ఉండరు. ఏ కండ ఎక్కువ పనిచేసి నెత్తురు అడుగుతుందో అటు పాకుతుంది, పందిరి కోసం తీగ వెతుక్కున్నట్టు.

గొర్రెల మీద అది చక్కగా పనిచేసింది. శాల వెనక దొడ్లో మెడకు కంటెలు పెట్టుకుని గడ్డి మేస్తున్న గొర్రెలను నేనూ చూశాను. మేస్తున్నంతసేపూ టిక్కుటిక్కుమనేవి.

మనిషి మీద మొదటిసారి పెట్టడానికి, అదీ వేరే దారి లేని రోగికి, అనుమతి వచ్చింది. వకుళ ఒక్కటే అడిగింది. "అక్కా, ఆవకాయన్నం తినగలనా?"

"తింటావే."

"అయితే పెట్టెయ్."

కంటె పెట్టిన రోజు హైమ చెల్లెలికి జాగ్రత్తలు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, నాకు బాగా గుర్తు. "కంటె తియ్యకు. కొంచెం కొంచెంగా మాటిమాటికీ తిను. అన్నిటికన్నా ముఖ్యం, పని మానకు. రోజూ మగ్గం ముందు కూర్చో. నువ్వు ఎంత కుడితే మొలక అంత ఎదుగుతుంది. నీ సూదే నీకు మందు."

వకుళ బుద్ధిగా తలూపింది. అక్క మాటంటే ఆ పిల్లకు వేదం.

ఆ తర్వాత మేడమీద సూది ఆగింది లేదు. దసరా ముహూర్తాలకు రావలసిన జాకెట్లు శ్రావణంలోనే అయిపోయాయి. నేను మెట్లెక్కితే మాత్రం యథాప్రకారం చప్పుడు ఆగేది, చేతులు ఒళ్ళోకి వచ్చేవి. మెడకు కంటె, మొహాన నవ్వు.

"బావగారూ, ఇవాళ ఉప్మా దిగింది!" అనేది. టిక్.

ఇంకోరోజు, "గారె ముక్క తిన్నా, అల్లప్పచ్చడితో!" టిక్, టిక్.

వారం వారం శాలకు వెళ్ళి చూపించుకునేది. అక్కడ పెద్దవాళ్ళ ముందు వకుళ ఎంత అణకువగా ఉండేదో! చేతికిచ్చిన రబ్బరు బంతిని కుడిచేత్తో నొక్కమంటే నొక్కేది. పెన్ను ఇస్తే కుడిచేత్తో సంతకం పెట్టేది. మందు బిళ్ళను ప్రసాదంలా కుడి అరచేయి దోసిలి చేసి అందుకునేది. కుడి మణికట్టు దగ్గర నాడి చూసేవాళ్ళు, బాగానే కొట్టుకునేది. ఛాతీ స్కానులో పాత నాళం జరగడం, కొత్త మొలక మొదట్లో పుష్టిగా లేవడం కనబడేది. మెడ దగ్గర మాత్రం కంటె లోహం నీడ పడి అంతా మసక. అక్కణ్ణుంచి మొలక ఎటు పోతోందో ఎవరూ చూడలేదు. ఎటు పోతుంది, పనిచేసే చేతికే పోతుంది కదా అనుకున్నారు.

అట్లతద్ది వెళ్ళిన ఆదివారం హైమ ప్రకటించింది. "పాత నాళం అన్నవాహికను పూర్తిగా వదిలేసింది. ఇవాళ దీనికి అన్నీ పెట్టొచ్చు."

నేను హోటలు కట్టేసి అత్తవారింట్లో వంటకు దిగాను. ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, పులిహోర, గడ్డపెరుగు. వసారాలో మధ్యాహ్నం పీటలు వేసి ఆకులు పరిచాం. వకుళ పంక్తిలో కూర్చుంది. అత్తగారికి అప్పుడే కళ్ళు చెమర్చాయి.

మొదటి ముద్ద. అందరం దాని గొంతు కేసి చూస్తున్నాం. టిక్. దిగిపోయింది, నీళ్ళు లేకుండా.

"అమ్మా!" అంది వకుళ. అంతే అనగలిగింది.

తర్వాత ఇక చూసుకోండి. ఆవకాయన్నంలో నెయ్యి పోసుకుని, పెద్ద పెద్ద ముద్దలు, చిన్నపిల్లలా వేళ్ళు నాకుతూ. టిక్, టిక్, టిక్. హైమ నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను వంకాయ కూర వెయ్యబోతే "ఆగండి బావగారూ, పులిహోర కానివ్వండి" అంటోంది. నా జన్మలో ఏ కస్టమరు మాటా అంత తియ్యగా వినబడలేదు.

పులిహోర ముద్ద నోటిదాకా ఎత్తింది. చెయ్యి గాలిలో ఆగింది. ముద్ద వేళ్ళలోంచి జారి ఒళ్ళో పడింది. ఆ వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. వకుళ ఆ చేతిని వింతగా చూసుకుని, ఏదో చెప్పబోయి, కళ్ళు తేలేసి పక్కకు ఒరిగిపోయింది.

హైమ ఆకు తొక్కుకుంటూ వెళ్ళి చెల్లెలి కుడి మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మార్చి మార్చి వెతికింది. మోచేతి మడత దగ్గర చూసింది, చంక కింద చూసింది. హైమ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాడి లేదు," అంది.

"పోయిందా? నా తల్లి పోయిందా?" అని అత్తగారు కేక పెట్టారు.

"చేతిలో లేదమ్మా! మనిషి ఉంది."

అవును, ఉంది. పడుకోబెట్టి, ఆ చెయ్యి కదలకుండా పక్కన పెట్టేసరికి కాసేపటికి కళ్ళు తెరిచింది. నేను భుజాల కింద చెయ్యేసి లేపి కూర్చోబెట్టాను. హైమ గ్లాసుతో నీళ్ళు అందించింది. వకుళ ఎడమచెయ్యి చాచి ఆ గ్లాసు అందుకుంది. చుక్క తొణకలేదు. సగం మత్తులో ఉన్న మనిషి కూడా అంత నేర్పుగా గ్లాసు పట్టుకోవచ్చా అనిపించింది.

"ఎడంచెయ్యేవిటే! కుడిచేత్తో పుచ్చుకో!" అన్నారు అత్తగారు.

ఆవిడ కావాలని అనలేదు. పాతికేళ్ళ అలవాటు, నోరు దానంతటదే అనేసింది. ఆ మాట చెవిన పడగానే వకుళ చెయ్యి కాలినట్టు ఉలిక్కిపడి గ్లాసు వదిలేసింది. గ్లాసు దొర్లుకుంటూ గుమ్మందాకా పోయింది.

హైమ ఆ గ్లాసు వైపు చూడలేదు. చెల్లెలి ఎడమచేతి కేసే చూస్తోంది.

"వకుళా, సూది ఏ చేత్తో పట్టుకుంటావే?"

వకుళ ఎడమచేతిని కొంగు కింద దాచుకుంది.

"చెప్పవే! మగ్గం మీద కూర్చున్నప్పుడు సూది ఏ చేతిలో ఉంటుంది?"

వకుళ ముందు తల్లి వైపు చూసింది. ఇరవై ఏడేళ్ళ ఆడపిల్ల, కంచం ముందు తన్నులకు సిద్ధమైన పసిపిల్లలా చూసింది. "ఎడంచేత్తో," అంది. "కుడిచెయ్యి కింద ఉంటుంది, దారం పట్టుకుని. అమ్మ తిడుతుందని... ఎవరైనా మెట్లెక్కితే తీసేస్తాను."

ఇన్నేళ్ళూ నేను మెట్లెక్కుతుంటే ఎందుకు చప్పుడు ఆగేదో అప్పుడు తెలిసింది.

"మాన్పించానుగా!" అన్నారు అత్తగారు, బిక్కచచ్చిపోయి. "చిన్నప్పుడే మాన్పించాను. అన్నం తినేటప్పుడు ఎడంచెయ్యి లంగా బొందుతో నడుముకు కట్టేసేదాన్ని. బళ్ళో మేష్టారికి కూడా చెప్పాను. మానేసిందిగా!"

"నేనూ మానేసిందనే అనుకున్నానమ్మా," అంది హైమ. "ఒకే కంచం దగ్గర పెరిగాను, నాకు తెలుసు. అయినా అడగలేదు. శాలలో ఒక్కరం కూడా అడగలేదు. గొర్రెకు కుడీ ఎడమా ఏమిటి? గొర్రెను ఎడంకాలు ముందు పెట్టావని ఎవరూ కొట్టరు!"

ఆ మాట అంటూ హైమ గట్టిగా నవ్వబోయి వెక్కి వెక్కి ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను దాన్ని అలా చూడలేదు.

శాలలో కంటెను గడ్డం దాకా పైకి జరిపి మళ్ళీ స్కాను తీశారు. మొలక ఉంది, బొటనవేలంత లావున, ఏ గొర్రెలోనూ పెరగనంత ఏపుగా. మెడ మొదలు దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి ఎడమకు తిరిగింది. ఎడమ భుజంలోకి వెళ్ళి, అప్పటికే అక్కడున్న నాళంతో జంటగా అల్లుకుంది. కుడివైపు అంతా ఖాళీ.

"అడిగిన చేతికి ఇచ్చింది," అంది హైమ తెర ముందు నిలబడి. "చెప్పినట్టే చేసింది. మనమే తప్పు చేతిని చూస్తూ కూర్చున్నాం. ఇన్నాళ్ళూ కుడిచేతి నాడి పాత నాళానిదే, ఇవాళ్టి ముద్దలతో అదీ మూసుకుపోయింది."

శాల డైరెక్టరుగారు ఫోను చేశారు. హైమ స్పీకరులో పెట్టింది.

"మింగుతోందామ్మా?"

"మింగుతోందండి."

"అయితే ఫలించినట్టే కదా! చెయ్యి సంగతి తర్వాత చూద్దాం. మన ప్రయోగం గొంతు గురించి."

"ఆ చెయ్యీ గొంతూ ఒకే మనిషివండి," అని హైమ ఫోను పెట్టేసింది.

తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పింది. కుడిచెయ్యి కుళ్ళిపోదు. పక్కనున్న సన్నపాటి దారుల్లోంచి కాస్త నెత్తురు చేరుతుంది, చర్మం బతుకుతుంది. కానీ ఆ చేత్తో ముద్ద ఎత్తినా, చీపురు పట్టినా, అది తలకు పోవలసిన నెత్తురును లాక్కుంటుంది. మనిషి మొదలు నరికినట్టు పడిపోతుంది. కుట్టి అతుకుదామంటే మందు తిన్న ఆ గోడలు తడిసిన కాగితంలా ఉన్నాయి, కుట్టు నిలవదు.

"ఒక్కటే దారి," అంది. "కంటెను ఎదురు తిప్పొచ్చు. గుటక వేసినప్పుడల్లా పాత నాళాన్ని మళ్ళీ సాగదీస్తుంది. మళ్ళీ అన్నవాహిక వెనకే, మొదటి చోటుకే. చెయ్యి బాగుపడుతుంది. గొంతు మూసుకుంటుంది. రేపు సాయంత్రానికి మందు బలం తగ్గి గోడ గట్టిపడిపోతుంది. ఒకసారి గట్టిపడితే రెండోసారి మెత్తబడదు. తిప్పేటట్టయితే ఈలోగానే తిప్పి, మందు మళ్ళీ ఎక్కించాలి."

"తిప్పెయ్యవే!" అన్నారు అత్తగారు. "కుడిచెయ్యి లేకుండా ఆడపిల్ల ఎలా బతుకుతుందే? జావ తాగైనా ఇన్నాళ్ళూ బతికింది కదా. అన్నం ఎలా తింటుంది? నలుగురిలో ఎలా కూర్చుంటుంది? తిప్పెయ్యి తల్లీ."

హైమ చెయ్యి కంటెను ఎదురు తిప్పే మీట మీదే ఉంది. తనకూ తిప్పెయ్యాలనే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. చేసిన తప్పు చెరిపేసుకోవాలని ఎవరికి ఉండదు?

"నన్ను అడుగుతారా, మీరే తేల్చేసుకుంటారా?" అంది వకుళ.

మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి దుప్పటి మీద పెట్టి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయిన వస్తువులాగా.

"ఇవాళ నేను పీట మీద కూర్చున్నాను. నీళ్ళు పక్కన పెట్టుకోకుండా తిన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి," అంది. "తిప్పొద్దక్కా."

"ఎలా తింటావే?" అన్నారు అత్తగారు ఏడుస్తూ.

వకుళ ఎడమచెయ్యి పైకెత్తింది. "దీంతో."

"నలుగురిలోనా?"

"నలుగురిలోనే."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి నీ మగ్గం?"

అడిగి ఉండవలసింది కాదు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న పిల్ల దుప్పటి మీది కుడిచేతి కేసి చూసుకుంది. పైన సూది పట్టేది ఎడమచెయ్యే అయినా, కిందనుంచి దారం బిగువు చూసుకుంటూ అందించేది ఈ కుడిచెయ్యే. ఒక చేతి పని కాదది.

"అదే కదా బావగారూ," అంది. కన్నీళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "అదంటేనే నాకు ప్రాణం. కానీ నేను కుట్టినవన్నీ ఊరివాళ్ళ పెళ్ళిళ్ళకు. ఆ పెళ్ళిళ్ళలో ఒక్క పంక్తిలోనూ కూర్చోలేదు నేను. ఇంక ఆకలి నావల్ల కాదు. ఆపెయ్యక్కా."

హైమ మీట తిప్పలేదు. కంటె వెనక చిన్న తాళం తీసి, చెల్లెలి మెడలోంచి దాన్ని తీసేసింది. మెడ చుట్టూ తెల్లటి గుర్తు పడి ఉంది. వకుళ గుటక మింగింది. టిక్కుమనలేదు.

ఆ పక్షమంతా మా ఇంట్లో ఎవరికీ ముద్ద సరిగా దిగలేదు, వకుళకు తప్ప. శాలలో ప్రయోగం ఫలించిందని చాటుదామన్నారు. పాత నాళం వదిలింది నిజమే, చెయ్యి పోయిందీ నిజమే, రెండూ ఒకే గొంతుతో చెబితేనే చెప్పండి, లేకపోతే నా పేరు తియ్యండి అని హైమ మీటింగులో నిలబడి చెప్పింది. ఇంకో మనిషి మెడకు కంటె ఎక్కకుండా ఆపించింది. గొర్రెల మెడల్లోంచి కూడా తీయించింది. డైరెక్టరుగారికి మా హైమ అంటే ఇప్పుడు సరిపడదు. ఆయనకు సరిపడనివాళ్ళంటే నాకు గౌరవం పెరిగింది.

వకుళ వసారాలో పీట వేసుకుని ఎడమచేత్తో తింటోంది. మొదట్లో అత్తగారు చూడలేక మొహం గోడకు తిప్పుకునేవారు. తిట్టలేదు, అంతవరకు నయం. పొరుగింటావిడ ఒకసారి చూసి "ఎడంచేత్తోనా అమ్మాయ్!" అని బుగ్గ నొక్కుకుంటే, "మీ ఇంట్లో తినడంలేదు కదండీ," అన్నారు అత్తగారు. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ నోట ఆ మాట విని నేనే ముందు నిర్ఘాంతపోయాను.

కానీ మేడమీద మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉండేది. వకుళ ఒళ్ళు చేసింది, బుగ్గలు వచ్చాయి, పకపకా నవ్వుతోంది. అయినా మెట్ల వైపు చూసేది కాదు. సగం కుట్టిన నెమలి ఆ దుప్పటి కిందే ఉండిపోయింది. క్యారేజీ కూడా కిందే ఇచ్చి వచ్చేసేవాణ్ణి.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం గారెలు పట్టుకుని వెళ్ళాను. వసారాలో ఎవరూ లేరు. "అత్తయ్యగారూ!" అని పిలవబోయి ఆగాను. మేడమీంచి టప్ మని వినబడింది. కాసేపాగి మళ్ళీ టప్.

మెట్లెక్కాను. కావాలనే చెప్పులు టకటకలాడిస్తూ ఎక్కాను. ఒక మెట్టు, రెండో మెట్టు. చప్పుడు ఆగలేదు. పై మెట్టు మీదికి వచ్చినా ఆగలేదు.

తలుపు బార్లా తీసి ఉంది. వకుళ మగ్గం ముందు కూర్చుని ఉంది, ఎడమచేతిలో సూది. వంకర పోని, తొట్రుపడని చెయ్యి. ఇన్నేళ్ళలో ఆ పిల్ల కుడుతుండగా నేను చూడడం అదే మొదలు. కుడిచెయ్యి ఒళ్ళో విశ్రాంతిగా ఉంది. మగ్గానికి అవతల చిన్న స్టూలు మీద కళ్ళజోడు పెట్టుకుని మా అత్తగారు కూర్చున్నారు. ఆవిడ చెయ్యి గుడ్డ కింద ఉంది.

"అమ్మా, బిగువు వదులు. మరీ లాగకు. ఆఁ, అంతే."

"ఇదేం దారమే, చేతిలో నిలవదు! నీ దుంపతెగ, నెమ్మదిగా కుట్టవే."

వకుళ నన్ను చూసి నవ్వింది కానీ సూది ఆపలేదు. "బావగారూ, క్యారేజీ ఆ కిటికీలో పెట్టండి. మా రెండు చేతులూ ఖాళీ లేవు."

పెట్టాను. దారం తెగింది. అత్తగారు విసుక్కుంటూ కొత్త పోగు తీశారు, గుడ్డ కిందికి పెట్టబోయి ఆగి, కూతురి మొహంలోకి చూశారు.

"ఏ చేత్తో అందించనే?"

వకుళ సూది మొన గుడ్డ మీద నిలిపింది.

"నీకేది వాటమైతే దాంతోనే అమ్మా," అంది.